ప్రాక్స్‌మాక్స్ 8 నుంచి 9కి: ఐదు ఆరైన రాత్రి

శనివారం రాత్రి పదింటికి మొదలుపెట్టిన పని ఆదివారం తెల్లారి ఐదున్నరకి తెమిలింది. ఇవాళ సోమవారం. నిద్ర తీరలేదు, కోపమూ తగ్గలేదు. తగ్గాక రాస్తే నా తప్పులన్నీ నాకే చిన్నవిగా కనబడతాయి. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మాది మూడు నోడ్ల క్లస్టర్, అంటే ఒకే జట్టుగా పనిచేసే మూడు సర్వర్లు. వాటిలో ఉన్నది ప్రాక్స్‌మాక్స్ వీఈ 8.4, అంటే ఒక సర్వర్‌ని చాలా సర్వర్లుగా పంచి వాడుకునే సాఫ్ట్‌వేర్. దాని మీద నలభై చిల్లర వీఎంలు (వర్చువల్ మెషీన్లు), ఓ అరడజను కంటైనర్లు (నోడ్ కెర్నెల్‌నే పంచుకునే తేలికపాటి రకం). డిస్కులన్నీ విడిగా ఉన్న స్టోరేజీ మీద ఉంటాయి. తొమ్మిదో వెర్షన్ 2025 ఆగస్టులోనే వచ్చింది. ఎనిమిదికి సపోర్ట్ 2026 ఆగస్టు దాకానే. "ఇంకా టైముందిలే" అని నెలల తరబడి నెట్టుకొచ్చి, చివరికి ఆడిట్ వాళ్ళు అడిగేసరికి కదిలాం. పేరుకి అప్‌గ్రేడ్ గానీ, నిజానికి కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమే డెబియన్ 12 నుంచి 13కి మారుతుంది, దాని గుండెకాయ లాంటి కెర్నెల్ కూడా కొత్తది వస్తుంది. పై అంతస్తుకి సున్నం కొడుతున్నాం అనుకుంటాం, అక్కడ మారేది పునాది.

మా ఆఫీసులో ఏ మార్పు చెయ్యాలన్నా ఒక ఫారం నింపాలి. పదకొండు పేజీలు. ఈ పని వల్ల వ్యాపారానికి ఒరిగేదేమిటి, ఎవరెవరికి మెయిల్ వెళ్ళాలి, వెనక్కి వెళ్ళే ప్రణాళిక ఏమిటి, దానికి ఎన్ని నిమిషాలు పడుతుంది... ఇలాంటివన్నీ. అందులో ఏడో పేజీలో ఒక గడి ఉంది: "రిమోట్ కన్సోల్ అందుబాటులో ఉందా?" అంటే సర్వర్ నెట్‌వర్క్ పోయినా దూరం నుంచే దాని స్క్రీన్ చూసి పనిచేసే వీలు. అవును అని టిక్ పెట్టాను. మిగతా పది పేజీల మీదా నాకు కోపమే. ఆ గడి మీద మాత్రం కోప్పడే హక్కు నాకు లేదు.

తయారీ బాగానే సాగింది. మూడు నోడ్లనీ 8.4లో ఉన్న ఆఖరి ప్యాకేజీల వరకు తెచ్చాను. అన్ని వీఎంలకీ బ్యాకప్ తీశాను, ఒకటి రెండు రిస్టోర్ చేసి కూడా చూశాను (ఇది చూడకుండా "బ్యాకప్ ఉంది" అనేవాళ్ళని నేను నమ్మను). రూట్ డిస్కులో కనీసం 5 జీబీ ఖాళీ ఉండాలి, 10 దాటితే మంచిది. మాకు ఇరవై ఉంది. సెఫ్ (నోడ్ల డిస్కులనే కలిపి వాడే స్టోరేజీ) వాడేవాళ్ళయితే ముందు దాన్ని స్క్విడ్‌కి, అంటే 19.2కి తెచ్చుకున్నాకే దీని జోలికి రావాలి. మాకు ఆ గొడవ లేదు.

తర్వాత పీవీఈ8టు9 అనే చెకింగ్ స్క్రిప్టుని ఫుల్ ఆప్షన్‌తో నడిపాను. అది ఏదీ మార్చదు, చూసి చెబుతుంది, అంతే. సిస్టమ్‌డీ-బూట్ అనే మెటా ప్యాకేజీ ఉంది, తీసెయ్యమంది. తీసేశాను. దాన్ని మీరు కావాలని పెట్టుకుని ఉంటే తప్ప తీసెయ్యాల్సిందే, లేకపోతే బూట్‌లోడర్ (సర్వర్‌ని లేపే ప్రోగ్రాం) అప్‌గ్రేడ్ దగ్గర మొరాయిస్తుంది. ఒక పాత కంటైనర్ గురించి కూడా ఏదో చెప్పింది. "దాని సంగతి తర్వాత" అనుకున్నాను. ఆ కథ తర్వాత వస్తుంది.

ప్రాక్స్‌మాక్స్ వాళ్ళ అప్‌గ్రేడ్ పేజీలో అవసరాల భాగం మొత్తం చదివాను. తెలిసిన సమస్యలు అన్న భాగం దగ్గరికి వచ్చేసరికి పైపైన చూసి వదిలేశాను. మనకి వర్తించనివే ఎక్కువ ఉంటాయి కదా అని. పన్నెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడికి వచ్చే జబ్బు ఇది.

శనివారం రాత్రి మొదటి నోడ్ మీదున్న వీఎంలన్నిటినీ మిగతా రెంటి మీదకి లైవ్ మైగ్రేషన్ (ఆపకుండా తరలించడం) చేశాను. నలభై నిమిషాలు పట్టింది, ఒక్కటీ ఆగలేదు. ఇక్కడొకటి గుర్తుంచుకోండి: పాత వెర్షన్ నుంచి కొత్తదానికి లైవ్‌గా వెళ్ళొచ్చు గానీ, కొత్తదాని నుంచి పాతదానికి వెనక్కి రావడం గ్యారంటీ లేదు. కాబట్టి మొదటి నోడ్ బాగా లేచిందని తేలేదాకా దాని మీదకి ఏదీ ఎక్కించకూడదు.

టీమక్స్ (కనెక్షన్ తెగినా లోపలి పని ఆగనివ్వని టూల్) తెరిచి అందులో పని మొదలుపెట్టాను. వెబ్ పేజీలో ఉండే షెల్ నుంచి ఈ పని చెయ్యొద్దు. అప్‌గ్రేడ్ మధ్యలో ఆ సర్వీసులే రీస్టార్ట్ అవుతాయి. మనం కూర్చున్న కొమ్మని మనమే నరుక్కున్నట్టు. రిపాజిటరీ ఫైళ్ళలో బుక్‌వార్మ్ (డెబియన్ 12 పేరు) ఉన్నచోటల్లా ట్రిక్సీ (13 పేరు) అని మార్చి, డిస్ట్-అప్‌గ్రేడ్ కమాండ్ కొట్టాను. మధ్యలో కాన్ఫిగరేషన్ ఫైళ్ళ గురించి ప్రశ్నలు అడుగుతుంది. ఎల్‌వీఎం (డిస్కుల) ఫైలుకి కొత్తది తీసుకున్నాను, గ్రబ్ (బూట్‌లోడర్) ఫైలుకి మనదే ఉంచాను, ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) ఫైలుకి తేడా చూసుకుని నిర్ణయించుకున్నాను. అరగంటలో ఎర్రర్ ఒక్కటీ లేకుండా అయిపోయింది. స్క్రిప్టు మళ్ళీ నడిపాను, అంతా పచ్చగా ఉంది. రీబూట్ కొట్టాను.

సర్వర్ జవాబిస్తుందో లేదో చూసే పింగ్ కమాండ్ పెట్టుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాలు. సర్వర్లు మెల్లగానే లేస్తాయి కదా, పది నిమిషాలు. పావుగంట. లేవలేదు.

సరే, రిమోట్ కన్సోల్ ఉంది కదా అని దాని పేజీ తెరిచాను. పాస్‌వర్డ్ తప్పు. మా పాస్‌వర్డ్ పుస్తకంలో ఉన్నది కొట్టాను, తప్పు. అంతకుముందుది, తప్పు. ఈ సర్వర్లని బిగించిన కాంట్రాక్టరు వెళ్ళిపోయి రెండేళ్ళవుతోంది. వెళ్తూ వెళ్తూ ఆయన మార్చిన పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉండిపోయింది. ఈ రెండేళ్ళలో ఆ పేజీలోకి ఎవరూ లాగిన్ అవలేదు. నేనూ అవలేదు. ఏడో పేజీలో టిక్ పెట్టింది మాత్రం నేనే.

రాత్రి పన్నెండున్నరకి సర్వర్ రూమ్ ఉన్న బిల్డింగ్‌కి బయల్దేరాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన లిస్టు చూసి, "మీ పేరు లేదు సార్" అన్నాడు. ఆ లిస్టు ఏడాదికోసారి అడ్మిన్ డిపార్ట్‌మెంట్ పంపుతుంది. అందులో వెళ్ళిపోయిన ఆ కాంట్రాక్టరు పేరు మాత్రం ఉంది! లోపలున్న మూడు సర్వర్లకీ బాధ్యుణ్ణి నేనే అని చెబితే, "నిజమే అయ్యుంటుంది సార్, కానీ లిస్టులో లేదు" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను, ఆయన పని ఆయన చేశాడు. మా మేనేజర్ గారికి ఫోన్ చేస్తే మూడోసారికి ఎత్తారు. నిద్రమత్తులో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "రిమోట్ కన్సోల్ ఉందని రాశారు కదండీ?" ఏం చెప్పాలి? ఉంది సార్, లాగిన్ అవట్లేదు అన్నాను. అటువైపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కన్నా నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

లోపలికి వెళ్ళేసరికి ఒంటిగంటన్నర. సర్వర్‌కి ఉన్నది వీజీఏ పోర్టు, రూములో ఉన్న మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఒక్కటే. రెండంతస్తులు ఎక్కి స్టోర్ రూములో పాత మానిటర్ వెతికి మోసుకొచ్చాను. దుమ్ము దులిపి తగిలిస్తే సర్వర్ నిక్షేపంగా లేచి, లాగిన్ అడుగుతూ కూర్చుంది. నేను పింగ్ పెట్టుకుని ఎదురుచూసినంతసేపూ అది బతికే ఉంది.

లాగిన్ అయ్యి చూశాను. బ్రిడ్జి (నోడ్‌నీ వీఎంలనీ నెట్‌వర్క్ కార్డుకి కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) ఉంది. దాని ఐపీ సరిగ్గానే ఉంది. గేట్‌వే సరిగ్గానే ఉంది. పింగ్ చేస్తే మాత్రం హోస్ట్ అందట్లేదంటుంది. నెట్‌వర్క్ ఫైల్ తెరిచి ఒక్కో వరసా చదివాను. ఏడాదిగా పనిచేస్తున్న ఫైలే, అక్షరం తేడా లేదు. ఇంకేముంది, తప్పు స్విచ్‌దే అని తీర్మానించేశాను.

నెట్‌వర్క్ డ్యూటీలో ఉన్నది కొత్తగా చేరిన కుర్రాడు. ఫోన్ చేసి కాస్త గట్టిగానే మాట్లాడాను. "స్విచ్‌లో వీల్యాన్ సెట్టింగ్ ఏమైనా కదిపావా?" అంటే, "లేదన్నా, నేనేం ముట్టుకోలేదు. మీ పోర్ట్ డౌన్ అని చూపిస్తోంది, మీ వైపు చూడండి" అన్నాడు. "నా వైపు ఏం మారలేదు" అన్నాను. మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చిన మనిషిని ఆ మాట అన్నాను! కేబుల్ మార్చాను. వేరే పోర్టులో పెట్టాను. అతన్ని ఇంకో మాట కూడా అన్నాను, అది ఇక్కడ రాయను.

ఈ గందరగోళంలో ఒక పాడు ఆలోచన వచ్చింది: రెండో నోడ్‌ని కూడా అప్‌గ్రేడ్ చేసి రీబూట్ చేస్తే అది ఎలా లేస్తుందో చూడొచ్చు కదా అని. చెయ్యలేదు కాబట్టి సరిపోయింది. మూడింట్లో రెండు లేకపోతే కోరం, అంటే క్లస్టర్ నడవడానికి కావలసిన మెజారిటీ, పోతుంది. మిగిలిన నోడ్‌లో కాన్ఫిగరేషన్ రీడ్-ఓన్లీ అయిపోతుంది, ఆగిన వీఎంని మళ్ళీ లేపలేం. హెచ్‌ఏ (ఒక నోడ్ పడిపోతే వీఎంలని వేరే నోడ్‌లో లేపే ఏర్పాటు) పెట్టుకున్న చోటయితే వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ ఆ మిగిలిన నోడ్‌ని కూడా రీబూట్ చేసేస్తుంది. రాత్రి రెండింటికి వచ్చే ఆలోచనలని ఒక కాగితం మీద రాసుకుని పొద్దున చూసుకోవాలి తప్ప, కీబోర్డు మీద చెయ్యి పెట్టకూడదు.

చివరికి ఆ కుర్రాడే, "అన్నా, స్క్రీన్ ఫోటో తీసి పంపండి, నేనూ చూస్తా" అన్నాడు. నెట్‌వర్క్ ఫైల్ ఒక ఫోటో, ఐపీ లింక్ కమాండ్ అవుట్‌పుట్ ఒక ఫోటో పంపాను. నిమిషం కూడా పట్టలేదు. "అన్నా, ఫైల్లో ఈఎన్‌పీ5 అని ఉంది. రెండో ఫోటోలో ఈఎన్‌పీ6 అని ఉంది. ఆ ఐదేంటి, ఈ ఆరేంటి?"

అదీ సంగతి. నెట్‌వర్క్ కార్డుకి పేరు అది కూర్చున్న పీసీఐ చిరునామాని (సర్వర్ లోపల దాని స్థానాన్ని) బట్టి వస్తుంది. కొత్త కెర్నెల్ హార్డ్‌వేర్‌లో అంతకుముందు పట్టించుకోనివి కూడా గుర్తిస్తే ఆ లెక్క మారొచ్చు, పేరూ మారొచ్చు. ఫైల్లో బ్రిడ్జికి తగిలించమని రాసున్న ఐదు నంబరు కార్డు ఇప్పుడు ఆ పేరుతో లేదు. అందుకే బ్రిడ్జి ఐపీ పెట్టుకుని, దారి ఏదీ లేకుండా కూర్చుంది. నేను గంటసేపు ఆ రెండు పేర్లనీ పక్కపక్కనే చూస్తూ కూడా చూడలేదు. ఐదు అని నాకు కంఠతా వచ్చు, అందుకని ఆరు ఉన్నచోట కూడా ఐదే చదువుకున్నాను.

ఫైల్లో రెండుచోట్ల అంకె మార్చి, ఐఎఫ్‌రీలోడ్ కమాండ్ కొట్టాను. నాలుగు సెకన్లలో పింగ్ వచ్చింది. కుర్రాడికి ఫోన్లోనే సారీ చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు. అలా అనడం నాకు ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

మిగతా రెండు నోడ్లకీ ఆ తప్పు చెయ్యలేదు. రీబూట్‌కి ముందే ఒక్కో కార్డుకీ మ్యాక్ అడ్రస్ (కార్డుకి తయారీలోనే వచ్చే నంబరు) ఆధారంగా పేరు కట్టేశాను. తొమ్మిదో వెర్షన్‌లో దీనికి పీవీఈ-నెట్‌వర్క్-ఇంటర్‌ఫేస్-పిన్నింగ్ అని ఒక టూలే ఉంది. నిక్0, నిక్1 అంటూ పేర్లు పెట్టి నెట్‌వర్క్ ఫైల్లో కూడా మార్చి ఉంచుతుంది, రీబూట్‌తో అమల్లోకి వస్తుంది. పాత పద్ధతిలో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని నడిపే ప్రోగ్రాం) లింక్ ఫైలు చేత్తో రాసుకున్నా సరిపోతుంది. అలాగే కన్సోల్ పాస్‌వర్డ్ కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. సర్వర్ బతికున్నప్పుడు అందులోంచే ఐపీఎంఐటూల్ అనే కమాండ్‌తో మార్చుకోవచ్చు. మూడు నోడ్లకీ కలిపి నాకు ఆరు నిమిషాలు పట్టింది. శుక్రవారం ఆ ఆరు నిమిషాలు పెట్టి ఉంటే ఈ రాత ఉండేది కాదు.

రెండు, మూడు నోడ్ల గురించి చెప్పడానికేమీ లేదు. సాఫీగా అయ్యాయి.

ఆ కంటైనర్ కథ ఒకటి మిగిలింది. సెంట్‌ఓఎస్ 7 కంటైనర్, అకౌంట్స్ వాళ్ళ పాత రిపోర్టుల ప్రోగ్రాం అందులో ఉంది. తొమ్మిది మీద అది లేవదు. సిస్టమ్‌డీ 230, అంతకన్నా పాతది ఉన్న కంటైనర్లు పాత సీగ్రూప్ (ప్రోగ్రాములకి మెమరీ, ప్రాసెసర్ పంచే కెర్నెల్ ఏర్పాటు) పద్ధతి మీద బతికేవి, ఆ పద్ధతి తొమ్మిదిలో లేదు. ఉబుంటు 16.04 కంటైనర్లకీ ఇదే గతి. స్క్రిప్టు చెప్పింది ఇదే. చివరికి ఒక వీఎం పెట్టి, ప్రోగ్రామ్‌ని డేటాతో సహా అందులోకి మార్చాను. పొద్దున ఐదున్నర అయింది అందుకే. సెంట్‌ఓఎస్ 7కి సపోర్ట్ 2024 జూన్‌లోనే అయిపోయిందని అకౌంట్స్ వాళ్ళకి రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. ఇప్పుడు మాత్రం పొద్దున్నే "రిపోర్టు ఫాంటు మారిందేమిటి?" అని మెయిల్ వచ్చింది.

ఇంకో చిన్న విషయం. మీరు కెర్నెల్ సెట్టింగులు సిస్‌సీటీఎల్ డాట్ కాన్ఫ్ ఫైల్లో రాసుకుని ఉంటే డెబియన్ 13 బూట్ అప్పుడు దాన్ని చదవదు. సిస్‌సీటీఎల్ డాట్ డీ ఫోల్డర్లోకి మార్చుకోండి. వెబ్ పేజీ వింతగా కనబడితే బ్రౌజర్ క్యాష్ వదిలించండి, కంగారు పడొద్దు.

ఇవాళ పొద్దున మేనేజర్ గారు అప్‌గ్రేడ్ పేజీ తెరిచి, తెలిసిన సమస్యల్లో నెట్‌వర్క్ పేర్లు మారడం గురించిన పేరాకి పసుపు రంగు పూసి, నాకొక్కడికే మెయిల్ పంపారు. ఆ పేరా పక్కనే, స్వతంత్రంగా పనిచేసే కన్సోల్ దగ్గర ఉంచుకోమని కూడా రాసుంది. మెయిల్లో ఆయన మాట ఒక్కటీ లేదు. "చదివాను సార్" అని జవాబిచ్చాను.

వచ్చే నెల రెండో క్లస్టర్ వంతు. పదకొండు పేజీల ఫారం మళ్ళీ వచ్చింది. ఏడో పేజీలో గడికి ఎదురుగా ఈసారి టిక్ కాకుండా, లాగిన్ అయి చూసిన తేదీ, టైము రాశాను. సెక్యూరిటీ లిస్టులో నా పేరు చేర్చమని అడ్మిన్ డిపార్ట్‌మెంట్‌కి పెట్టిన టికెట్ మాత్రం ఇంకా "పరిశీలనలో" అనే చూపిస్తోంది.