వట్టివేళ్ళు, డగ్లస్ ఫర్, మా అమ్మాయి

సెంటు కలపడానికి కూర్చున్నప్పుడు ఏ సీసాలో ఏముందో మా అమ్మాయికి ముందుగా చెప్పను. కాగితం ముక్క కొసన ఒక చుక్క వేసి చేతికిస్తాను. వాసన చూసి తనకు తోచింది చెప్పాలి, ఆ తర్వాతే పేరు. "ఇది మన ఊరి వాసన" అని ముందే అనేస్తే పిల్లలు మనల్ని సంతోషపెట్టే జవాబు వెతుక్కుంటారు. సియాటిల్ దగ్గర పుట్టి పెరిగిన 12 ఏళ్ల పిల్ల చేత నా జ్ఞాపకాలు అప్పజెప్పించుకోవడం నాకిష్టం లేదు.

వట్టివేళ్ళ నూనె దగ్గర ఇది బాగా తెలిసింది. నాకది విజయవాడ ఎండాకాలం. కూలర్‌కి కొత్త వట్టివేళ్ళు బిగించి, నీళ్లు పోసి స్విచ్ వేయగానే గదంతా కమ్ముకునే చల్లదనం. తను మాత్రం కళ్ళు మూసుకుని పీల్చి, "వాన వెలిశాక ట్రెయిల్ మీద వచ్చే మట్టి వాసన, అమ్మా" అంది. తనకు తడిమట్టి అంటే నవంబరు ముసురు, నాచు పట్టిన మానులు. నేను సరిదిద్దలేదు. సరిదిద్దడానికి అందులో తప్పేముంది? ఆ నూనె మట్టిలోని వేళ్ళ నుంచి వచ్చేదే కదా.

దానికి జతగా తను ఏరుకున్నది డగ్లస్ ఫర్ ఆకుల నూనె. ఇక్కడి అడవుల్లో ఎటు చూసినా ఆ చెట్లే. మధ్యలో నిలిచే వాసనకి లావెండర్, ముందుగా ముక్కుకి తగిలే పైవాసనకి నారింజ. కాగితం ముక్కలన్నీ విసనకర్రలా పట్టుకుని ముక్కు దగ్గర ఆడిస్తూ, ఏది ఎక్కువైతే దాన్ని కొంచెం వెనక్కి జరుపుతుంది. నారింజ కాసేపట్లోనే ఎగిరిపోతుంది, వట్టివేళ్ళు మర్నాడు పొద్దున కూడా కాగితాన్ని వదలవు.

నాకేమో మల్లె కావాలనిపించింది. కానీ ఆవిరి పట్టి నూనె తీద్దామంటే మల్లెపూలు లొంగవు. సాల్వెంట్‌తో (కరిగించే ద్రవంతో) తీసిన అబ్సొల్యూట్ అనే చిక్కటి సారం కొనాలి, అది బాగా ఖరీదు. ఒక చిన్న శాంపిల్ తెప్పిస్తే అమ్మాయి మొహం ముడుచుకుంది, లోపల ఏదో కుళ్ళినట్టుందట. ముక్కు చురుకే! మల్లెలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది, చిక్కగా ఉన్నప్పుడు అది అలాగే కొడుతుంది. పైగా మల్లెమొగ్గ కోసిన తర్వాత కూడా విచ్చుకుంటూ పరిమళం వదులుతూనే ఉంటుంది. ఆ పని సీసా చేయలేదు. మల్లెను జడలోనే తెలుసుకోవాలి, వేసవిలో విజయవాడ వెళ్ళినప్పుడు.

కలపడం దగ్గర మాత్రం నేను గట్టిగా ఉంటాను. ముందు ఖాళీ సీసాలో నూనెలు మాత్రమే: నారింజ 4 చుక్కలు, లావెండర్ 3, ఫర్ 2, వట్టివేళ్ళు 1. వట్టివేళ్ళ నూనె పాకంలా చిక్కగా ఉంటుంది, సీసాను అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెడితే గానీ జారదు. ఆ మిశ్రమంలోంచి 2 చుక్కలే తీసి 10 మిల్లీలీటర్ల జోజోబా గింజల నూనెలో వేస్తాం. పిల్లల ఒంటికి నూటికి ఒక వంతు చాలు. మోచేతి మడతలో రాసి ఒక రోజు చూశాకే వాడనిస్తాను. దాల్చినచెక్క నూనె మంట పెడుతుంది, దాని జోలికి వెళ్ళం. గానుగ పట్టిన నిమ్మనూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది. నారింజ, ఫర్ నూనెలు పాతబడితే దురద తెస్తాయి, అందుకే అవి ఫ్రిజ్‌లో ఉంటాయి. స్కూలుకి మాత్రం వేసుకెళ్ళనివ్వను, ఆస్తమా ఉన్న పిల్లలుంటారు.

వీడియో కాల్‌లో ఇదంతా చూసి మా అమ్మ, "కచ్చూరాలు వేయలేదేమే?" అని మనవరాలిని నిలదీసింది. తలనూనెలో కచ్చూరాలు, వట్టివేళ్ళు వేసి ఎండలో పెట్టే అలవాటు ఆవిడది. దాంతో ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు, సగం తెలుగు, సగం సైగలు. ఇప్పుడు అమ్మమ్మకి ఒక సీసా తయారవుతోంది. ఆవిడకి లావెండర్ పడదు, అందుకని మరువం నూనె తెప్పించాం. ఫర్ మాత్రం తీసేది లేదంటోంది మా అమ్మాయి, తను నడిచే అడవి ఎలా ఉంటుందో అమ్మమ్మకీ తెలియాలట.