శ్రీపాద మెట్ల మీద చిట్టి

ఎమ్మెస్సీ బోటనీలో మేం నలుగురం ఒకే బెంచీ. విశాఖపట్నంలో హాస్టల్లో ఉన్న రెండేళ్లూ ఎక్కడికైనా కలిసి వెళ్దాం, వెళ్దాం అని అనుకుంటూనే గడిపేశాం. తీరా వెళ్లింది పద్నాలుగేళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరిలో. శ్రీలంకకి. పన్నెండు రోజులు, వీపు మీద బ్యాగులతో.

శ్రీలంకే ఎందుకంటే, బుజ్జికి బ్యాంకులో దొరికిన సెలవు పన్నెండు రోజులే. చెన్నై నుంచి కొలంబో గంటన్నర కూడా పట్టదు. అప్పుడు మనవాళ్లకి వీసా ఫీజు కూడా తీసేశారు. నాకు మాత్రం ఇంకో కారణం ఉంది. అది తర్వాత చెప్తాను.

బయల్దేరే ముందు మూడు షరతులు పెట్టుకున్నాం. ఎవరి బ్యాగు వాళ్లే మోసుకోవాలి, ఎనిమిది కిలోలు దాటకూడదు. తిరగడమంతా బస్సుల్లో, రైళ్లలోనే, కారు మాట్లాడుకోకూడదు. మూడోది లైబ్రరీ పెట్టింది: ఏం జరిగినా నలుగురం విడిపోకూడదు. (యూనివర్సిటీలో ఎప్పుడు చూసినా లైబ్రరీలోనే ఉండేది కాబట్టి ఆ పేరు పడింది. ఇప్పుడు హైదరాబాద్‌లో మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగం. మాకు మాత్రం లైబ్రరీయే.) రెండు జతల బట్టలు, పల్చటి తువ్వాలు, ఒక స్వెట్టరు, ఎలక్ట్రాల్ పొట్లాలు. బుజ్జి కందిపొడి డబ్బా తెచ్చింది. చిట్టి మోకాలి పట్టీ తెచ్చుకుంది. మూడేళ్ల కిందట స్కూటీ మీంచి పడినప్పుడు దెబ్బ తగిలిన మోకాలు అది.

కొలంబోలో ఒక రాత్రే ఉన్నాం. పొద్దున్నే రైలెక్కి కేండీ చేరాం. అక్కణ్ణుంచి కాస్త దూరంలోనే పేరాదెణియ బొటానికల్ గార్డెన్. నేను చెప్పిన కారణం అదే.

నేను నర్సీపట్నంలో డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్తాను. ఏటా మొక్కల తెగుళ్ల పాఠంలో కాఫీ ఆకు తుప్పు తెగులు వస్తుంది. హెమీలియా వాస్టాట్రిక్స్. ఆకు అడుగున నారింజ రంగు పొడి మచ్చలు. చింతపల్లి వైపు తోటల్లోంచి ఆకులు తెచ్చి పిల్లలకి చూపిస్తాను కూడా. ఆ శిలీంధ్రానికి ఆ పేరు పెట్టింది 1869లో. అప్పట్లో పేరాదెణియ గార్డెన్‌ని చూసుకునే థ్వైట్స్, మచ్చలు పడిన ఆకుల్ని ఇంగ్లండ్‌లో శిలీంధ్రాల నిపుణుడు బర్క్‌లీకి పంపితే ఆయన పెట్టాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు తిరక్కుండానే సిలోన్‌లో, అంటే అప్పటి శ్రీలంకలో, కాఫీ తుడిచిపెట్టుకుపోయింది. ఆ కొండలన్నీ తేయాకు తోటలయ్యాయి. ఒక బూజు ఒక దేశం రంగునే మార్చేసిందని పన్నెండేళ్లుగా క్లాసులో చెప్తున్నాను. ఆ ఆకులు బయల్దేరిన చోట నిలబడితే నాకు ఒళ్లు జలదరించింది. పెద్ద చెట్టు కింద కాసేపు ఊరికే కూర్చున్నాను. పైన కొమ్మల్లో వందల గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతూ ఒకటే గోల. మిగతా ముగ్గురూ సీషెల్స్ కొబ్బరి చూడ్డానికి వెళ్లారు. ప్రపంచంలోకెల్లా పెద్ద విత్తనం దానిదే.

సాయంత్రం దళదా మాళిగావకి వెళ్లాం. బుద్ధుడి దంతం ఉన్న గుడి. కేండీ చివరి రాజులు మదురై నాయకుల బంధువులు, తెలుగు మూలాలున్నవాళ్లు. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి 1815లో బ్రిటిష్‌వాళ్లు దింపేసి వేలూరుకి పంపించారు. ఆయన అక్కడే చనిపోయాడు. చిట్టిది చిత్తూరు, వేలూరు వాళ్లకి పక్కూరి లెక్క. “పాలారు పక్కన ఆయన సమాధి ఉందే. ఎన్నిసార్లు ఆ దారినపోయానో, ఒక్కసారీ లోపలికెళ్లలేదు” అంది. ఆ గుడి మెట్ల మీద అది చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది.

మర్నాడు హాటన్‌కి రైలు. రిజర్వేషన్ దొరకలేదు, థర్డ్ క్లాసులో తలుపు దగ్గర బ్యాగుల మీదే కూర్చున్నాం. వడలమ్మే కుర్రాడు బుజ్జిని “అక్కే” అని పిలిచాడు. సింహళంలో కూడా అక్కంటే అక్కే. పొరుగు దేశంలో మన మాట మనకి ఎదురొచ్చేసరికి నలుగురం మొహమొహాలు చూసుకున్నాం. వడలు చుట్టిచ్చిన కాగితం ఎవరో పిల్లాడి నోటు పుస్తకంలోది. సింహళ అక్షరాలు, పక్కన భాగాహారం లెక్క, కింద టీచరు ఎర్రసిరాతో పెట్టిన టిక్కు. ఆ కాగితం మడిచి దాచుకున్నాను. ఇప్పటికీ నా పర్సులో ఉంది.

హాటన్ నుంచి నల్లతన్నియకి బస్సు. దారి పొడుగునా తేయాకు తోటలే. శ్రీపాద అనే కొండ కింద ఉన్న ఊరు నల్లతన్నియ. కొండ ఎత్తు 2,243 మీటర్లు. పైన బండ మీద పాదముద్ర ఉంది. బౌద్ధులకి అది బుద్ధుడి పాదం. తమిళులకి శివుడిది, శివనొళిపాదమలై అంటారు. ముస్లింలు మొదటి మనిషి ఆదముది అంటారు. డిసెంబరు పౌర్ణమి నుంచి మేలో వైశాఖ పౌర్ణమి దాకా యాత్ర కాలం. సూర్యోదయానికి పైకి చేరాలని జనం అర్ధరాత్రి ఎక్కుతారు. మెట్లు అయిదు వేల పైనే.

రాత్రి ఒంటిగంటన్నరకి బయల్దేరాం. కింద నుంచి చూస్తే కొండ కనపడదు, దీపాల వరస మాత్రం ఆకాశంలోకి పోతూ ఉంటుంది. నక్షత్రాలెక్కడ మొదలయ్యాయో తెలీదు. చంకలో పసిపిల్లలతో తల్లులు, ఇద్దరి భుజాల మీద చేతులేసి ఎక్కుతున్న ముసలమ్మలు, తెల్లబట్టల్లో తాతలు. చాలామంది కాళ్లకి చెప్పుల్లేవు. దిగేవాళ్లు ఎక్కేవాళ్లని “కరుణావై” అని పలకరిస్తారు. కరుణ మన మాటే కదా. ఒకచోట మెట్ల పక్కనంతా తెల్లదారం. బుద్ధుడు చిరిగిన బట్ట కుట్టుకున్న చోటట అది. యాత్రికులు అక్కణ్ణుంచి దారం ఉండ విప్పుకుంటూ పోతారు.

మూడున్నర ప్రాంతంలో చిట్టి ఆగిపోయింది. మోకాలు వాచింది, పట్టీ బిగుసుకుపోయింది. టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టాం. కొట్టు నడిపే పెద్దావిడ తమిళావిడ. ఏమీ అడక్కుండానే వేణ్ణీళ్ల గిన్నె, గుడ్డ తెచ్చింది.

“మీరెళ్లండే. నీకా నీడ చూడాలని ఎంత ఉందో నాకు తెలుసు” అంది చిట్టి నాతో.

నిజమే, చాలా ఉంది. సూర్యుడు తూర్పున లేవగానే పడమటి వైపు పొగమంచు మీద కొండ నీడ పడుతుంది. కొండ ఎలా ఉన్నా ఆ నీడ మాత్రం గీసినట్టు త్రిభుజంలా ఉంటుంది. లైబ్రరీ తన షరతు గుర్తుచేసింది. నేనే “మళ్లీ ఎప్పుడొస్తామే” అన్నాను. ఆ మాట అన్నది నేను. అరగంట కూర్చుని, చిట్టిని అక్కడే వదిలి ముగ్గురం కదిలాం. మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే అది చెయ్యూపింది.

నీడ చూశాను. పైనంతా ఎముకలు కొరికే గాలి, డప్పుల మోత. ఆరున్నర కాకుండానే ఎర్రగా వెలుగొచ్చింది. జనం చేతులు జోడించారు. పడమటి గోడ దగ్గరికి వెళ్తే, మంచు మీద నల్లటి త్రిభుజం, కొలిచి కోసినట్టు. చూస్తూనే ఏడుపొచ్చింది. చూడ్డం వల్లో, చిట్టి లేకపోవడం వల్లో చెప్పలేను.

పైన ఒక గంట ఉంది. ఎన్నోసారి ఎక్కితే అన్నిసార్లు కొట్టాలి. మా ముందు ఒక తాతగారు కొడుతుంటే ఇరవై ఏడు దాకా లెక్కపెట్టాను, ఆయన ఇంకా కొడుతూనే ఉన్నాడు. మా వంతు వచ్చేసరికి బుజ్జి తాడు వదిలేసింది. “చిట్టి లేకుండా వద్దే” అంది. కొట్టకుండానే దిగడం మొదలుపెట్టాం.

నిట్టనిలువు మెట్లు, ఇనుప కమ్మీలు పట్టుకుని దిగుతున్నాం. పావుగంట దిగామో లేదో, కింద నుంచి ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ చిట్టి! ముందు దాన్ని గుర్తుపట్టలేదు. తలకి ఎవరిదో ఉన్ని గుడ్డ చుట్టుకుంది. మమ్మల్ని చూసి, “కరుణావై” అంది.

బుజ్జి ఏడ్చేసింది. ఎవరూ ఏమీ అనుకోలేదు, వెనక్కి తిరిగాం. ఆ పావుగంట దారి ఎక్కడానికి గంట దగ్గర పట్టింది. ఒకరం ముందు, ఇద్దరం వెనక. ఎనిమిదిన్నరకి చిట్టి గంట తాడు పట్టుకుని ఒక్కసారి కొట్టింది. “మనం రెండు కొట్టాలా?” అని లైబ్రరీ అడిగింది. బుజ్జి ఒక్కటే కొట్టింది. మేమూ ఒక్కటే కొట్టాం.

దిగేటప్పుడు చిట్టి చెప్పింది. ఆ పెద్దావిడ ముత్తాతని తిరుచ్చి వైపు నుంచి తోటపనికి తెచ్చారట. నేను క్లాసులో కాఫీ పోయి తేయాకు వచ్చిందని ఒక్క వాక్యంలో చెప్పేస్తాను. ఆ వాక్యంలో ఈ మనుషులు లేరు. 1948లో అక్కడ వచ్చిన చట్టం తోట కూలీల్లో లక్షలమందికి పౌరసత్వం లేకుండా చేసింది. 1964లో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు ఆ దేశంతో చేసుకున్న ఒప్పందం తర్వాత కొందరిని ఇండియాకి పంపారు, కొందరిని ఉంచారు. ఈవిడ ఉండిపోయింది. అక్క తలైమన్నారులో ఓడెక్కి నీలగిరుల్లో కోటగిరికి వెళ్లిపోయింది. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి. ఈవిడ ముప్పై ఏళ్లకి పైగా ఆకు కోసింది. ఇప్పుడు కోడలు కోస్తోంది. మేం వెళ్లినప్పుడు రోజు కూలి వెయ్యి శ్రీలంక రూపాయలు, అప్పటి మన లెక్కలో 270 లోపే.

చిట్టి ఇవన్నీ విన్నాక, “పాట్టీ, నేను ఎక్కగలనా?” అని అడిగిందట. (తమిళంలో పాట్టీ అంటే అమ్మమ్మ.) “కూర్చుంటే కాలు బిగుసుకుంటుంది, నడువమ్మా” అని కర్ర చేతికిచ్చిందట ఆవిడ.

కర్ర తిరిగిస్తూ మళ్లీ టీ తాగాం. ఆవిడ మమ్మల్నందర్నీ ఒకటే అడిగింది: కోటగిరి మీ ఊరికి దగ్గరేనా? నేను దూరమని చెప్పబోతుంటే చిట్టి “దగ్గరే పాట్టీ” అంది. ఆవిడ లోపలికెళ్లి ఒక నోటు పుస్తకం కాగితం చింపి, అక్క పేరూ ఊరూ మనవడి చేత రాయించి ఇచ్చింది.

మిగతా వారం బాగానే గడిచింది. ఎల్లకి వెళ్లే రైల్లో పట్టిపోల దాటగానే సొరంగానికి ఇటు వాన, అటు ఎండ. ఎల్ల దగ్గర ఇనుము వాడకుండా కట్టిన 1921 నాటి తొమ్మిది కమానుల వంతెన. తెల్లారి అట్టుకుండల్లా గుంటగా ఉండే ఆప్పం, కొబ్బరి సంబల్. అన్నీ బాగున్నాయి. ఫోటోలు కూడా వాటివే ఎక్కువున్నాయి. కానీ వాటి గురించి రాద్దామంటే చెయ్యి శ్రీపాద మీదకే పోతోంది. తెలిసినవాళ్లు ఖర్చెంతైందని అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను, విమానం టికెట్టుతో కలిపి తలా నలభై ఆరు వేలైంది.

నిన్న రాత్రి చిట్టి ఫోన్ చేసింది. మోకాలు తగ్గిందట. ఆ కాగితం లామినేషన్ చేయించిందట. మేలో సెలవులిస్తారు కదా, నలుగురం ఊటీ వెళ్దామంటోంది. అక్కణ్ణుంచి కోటగిరి ముప్పై కిలోమీటర్లే. బస్సులో వెళ్దామంది.