పంట రాని భూమికి అప్పు: టెక్సాస్‌లో నా అనుభవం

టెక్సాస్‌లో భూమి దాదాపు 95 శాతం ప్రైవేటు వాళ్ల చేతుల్లోనే ఉంది. జింకల వేటకు వెళ్లాలంటే ఎవరిదో రాంచ్‌లో (పశువులు మేపే పెద్ద భూమిలో) లీజు తీసుకోవాలి, లేదంటే తెలిసినవాళ్లు పిలవాలి. నన్ను మొదట పిలిచింది ఆఫీసులో పక్క సీటాయన, సెప్టెంబర్ 1న గువ్వల సీజన్ మొదలైనప్పుడు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట అంటే కేసే. ఇక్కడ మాత్రం లైసెన్స్ కొనుక్కోవాలి, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లయితే హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు కూడా పాసవ్వాలి. క్లాసు పూర్తి చేశాను, నలుగురితో కలిసి ఒక లీజులో వాటా తీసుకున్నాను. ఏటేటా లీజు డబ్బు పెంచుకుంటూ పోయిన ఓనరు, చివరికి ఆ రాంచ్‌ను ముక్కలు చేసి అమ్మకానికి పెట్టాడు. అప్పుడే అనిపించింది, చిన్నదైనా సొంతంగా ఉంటే బాగుండునని.

ఇంట్లో చెప్తే మా ఆవిడ వద్దనలేదు. "ఇంటి మీద అప్పు తేవద్దు, రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోవద్దు. ఆ రెండూ వదిలేసి ఏం కొంటారో కొనుక్కోండి" అంది. లెక్క చూస్తే ఆమె మాటలో పాయింటు ఉంది. 401కె (కంపెనీ ద్వారా కట్టే రిటైర్మెంట్ ఖాతా) నుంచి అందులో మన వాటాలో సగం వరకు, గరిష్ఠంగా 50,000 డాలర్లు అప్పు తీసుకోవచ్చు. కానీ మనం ఉండే ఇంటికి కాకపోతే ఐదేళ్లలో కట్టేయాలి. ఇంటి ఈక్విటీ (ఇంటి విలువలో అప్పు పోగా మనకు మిగిలేది) మీద తీసుకుంటే టెక్సాస్‌లో మొత్తం అప్పు ఇంటి విలువలో 80 శాతం దాటకూడదు. ఆ డబ్బుతో వేరే చోట భూమి కొంటే వడ్డీకి ఇంటి లోన్ వడ్డీలాగా పన్ను మినహాయింపు కూడా రాదు. ఉద్యోగం పోతే వేట భూమితో పాటు ఉంటున్న ఇల్లు కూడా చిక్కులో పడుతుంది. ఐటీ ఉద్యోగాల సంగతి ఇప్పుడు ఎవరికి చెప్పాలి!

కాబట్టి మిగిలింది పొదుపు. కారు లోన్ అయిపోయిన నెల నుంచి అదే ఈఎంఐ వేరే ఖాతాలోకి మళ్లించాను. కంపెనీ షేర్లు చేతికి వచ్చిన రోజే అమ్మి అందులోనే వేశాను, పెరుగుతాయని ఆశపడలేదు. 2023లో ఆరు నెలల ట్రెజరీ బిల్లులకు (అమెరికా ప్రభుత్వానికి మనం ఇచ్చే స్వల్పకాలిక అప్పు) 5 శాతం పైనే వడ్డీ వచ్చింది, డౌన్ పేమెంట్ డబ్బుకి అంతకన్నా నిశ్చింతైన చోటు నాకు కనబడలేదు. లీజు వాటా వదిలేసి, జింకల సీజన్‌లో స్టేట్ వాళ్ల పబ్లిక్ హంటింగ్ పర్మిట్‌తో సరిపెట్టుకున్నాను.

అసలు కథ లోన్ దగ్గర మొదలైంది. నా జీతం ఖాతా ఉన్న పెద్ద బ్యాంకుకి వెళ్తే లోన్ ఆఫీసర్ మొదటి ప్రశ్న: "ఇల్లు ఎప్పుడు కడతారు?" కట్టనన్నాను. ఆయన మొహంలోనే జవాబు కనబడింది. ఇంటి లోన్ అయితే బ్యాంకు దాన్ని వేరేవాళ్లకి అమ్మేసుకుంటుంది. ఖాళీ భూమి లోన్ తన దగ్గరే పెట్టుకోవాలి. కష్టం వస్తే మనిషి ముందు వదిలేసేది ఇల్లు కాదు, ఇలాంటి భూమినే అని వాళ్లకి బాగా తెలుసు.

ఫార్మ్ క్రెడిట్ గురించి చెప్పింది మళ్లీ ఆ పక్క సీటాయనే. 1916లో చేసిన చట్టంతో రైతుల కోసం పుట్టిన సహకార వ్యవస్థ ఇది. టెక్సాస్‌లో వేట, విహారం కోసం కొనే భూములకు కూడా అప్పిస్తారు. అప్పు తీసుకున్నవాళ్లే సభ్యులు. అప్పులో 2 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంత షేరు కొనాలి. సంస్థకు లాభం వచ్చిన సంవత్సరం వడ్డీలో కొంత తిరిగి ఇస్తారు. ఆ డబ్బు వస్తుందని బడ్జెట్ వేసుకోకూడదు, వస్తే సంతోషం అంతే.

అక్కడి ఆవిడ నా జీతం స్లిప్పులు, రెండేళ్ల టాక్స్ రిటర్నులు పక్కన పెట్టి, ముందు స్క్రీన్ మీద ఉపగ్రహ మ్యాప్ తెరిచింది. "గేటు ఏ రోడ్డు మీద ఉంది?" అని అడిగింది. అప్పటికి నేను మనసు పారేసుకున్న స్థలం వేరే. మట్టి బాట ఒకటి పక్కవాళ్ల భూమిలోంచి లోపలికి పోతుంది. ప్రకటనలో "దారి ఉంది" అనే రాశారు. ఆవిడ అడిగిందని కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్క్ ఆఫీసులో రికార్డులు వెతికిస్తే ఈజ్‌మెంట్, అంటే వేరేవాళ్ల భూమిని దారికో మరో పనికో వాడుకునే హక్కు, ఎక్కడా రిజిస్టర్ కాలేదు. పక్కాయన మంచితనం మీద నడుస్తున్న బాట అది! రేపు ఆయన గొలుసు వేస్తే హెలికాప్టర్‌లో దిగాల్సిందే. ఆ స్థలం వదిలేశాను.

తర్వాత దొరికింది కోల్‌మన్ కౌంటీలో, డల్లాస్ నుంచి మూడు గంటల పైన ప్రయాణం. మెస్కీట్ చెట్లు, నాగజెముడు, ఒక మూలన చిన్న కుంట. కుంట గట్టంతా అడవి పందులు మూతులతో దున్నేసి ఉంది, పక్కనే జింక గిట్టల గుర్తులు. గేటు కౌంటీ రోడ్డు మీదే. పది ఎకరాలవి చవకగా దొరుకుతాయి గానీ, వెంచర్లలో 10 ఎకరాలు, అంతకన్నా చిన్న ప్లాట్ల మీద కాల్పులను కౌంటీ నిషేధించవచ్చు. తుపాకీ పేల్చలేని వేట భూమి ఎందుకు?

ప్రకటనలో 43 ఎకరాలు. కాంట్రాక్టులో మొత్తం ధర కాకుండా "సర్వేలో తేలిన ఎకరానికి 5,500 డాలర్లు" అని రాయించాను. పాత కంచె ఒకవైపు హద్దు దాటి బయటికి ఉండటంతో సర్వేలో 42 ఎకరాలే తేలింది. ఒక ఎకరం డబ్బు మిగిలింది, సర్వే ఖర్చు అందులోనే వచ్చేసింది. మొత్తం 2,31,000 డాలర్లు. 20 శాతం, అంటే 46,200 చేతి నుంచి పెట్టాను. మిగతా 1,84,800కి 20 ఏళ్లు, 7.5 శాతం ఫిక్స్‌డ్ వడ్డీ. నెలకి 1,490 డాలర్ల దాకా పడుతుంది.

మన దగ్గర ఈసీ, పహాణీ చూసుకున్నట్టు ఇక్కడ టైటిల్ కంపెనీ (భూమి హక్కుల రికార్డులు వెతికి, వాటికి ఇన్సూరెన్స్ ఇచ్చే సంస్థ) ఇచ్చే కమిట్‌మెంట్ అనే పత్రం చూసుకోవాలి. అందరూ మొదటి పేజీ చూసి ఊరుకుంటారు. అసలు సంగతంతా షెడ్యూల్ బీలో ఉంటుంది: ఏవేవి ఇన్సూరెన్స్ కిందికి రావో ఆ జాబితా. మా దాంట్లో ఒక పైప్‌లైన్ ఈజ్‌మెంట్ ఉంది, భూమి కింది ఖనిజ హక్కులు ఎప్పుడో పాత ఓనర్లే ఉంచేసుకున్నారని ఉంది. టెక్సాస్‌లో ఖనిజ హక్కుదారుదే పైచేయి. ఆయిల్ కోసం పైన భూమిని అవసరమైన మేరకు వాడుకోవచ్చు. లాయర్‌కి చూపించి, చుట్టుపక్కల డ్రిల్లింగ్ లేదని నిర్ధారించుకున్నాకే సంతకం పెట్టాను.

ఊళ్లో నాన్నకి ఫోన్ చేసి చెప్తే, "పంట రాని భూమికి గన్ని పైసలెందుకు పెడ్తున్నవ్ బిడ్డా? గదే మనూళ్ల కొనరాదు?" అన్నాడు. కొనలేను. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే కార్డు) అయ్యాక, ఇండియాలో ఇల్లు కొనొచ్చు గానీ వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా (విదేశీ మారక చట్టం) ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే సరే. ఆ మాట ఆయనకి చెప్తే చాలాసేపు నమ్మలేదు.

కానీ నాన్న అడిగింది సరైన ప్రశ్నే. ఈ భూమి చెప్పుకోదగ్గంత సంపాదించదు, వాయిదా దాదాపు మొత్తం జీతంలోంచే పోవాలి. అందుకే ఆరు నెలల ఇంటి ఖర్చు వేరేగా ఉంచాకే కొన్నాను. దీని తర్వాత చూడాల్సింది పన్ను. భూమి అప్పటికే వ్యవసాయ విలువ కింద ఉంది (మార్కెట్ ధర మీద కాకుండా సాగు, మేత విలువ మీద పన్ను వేస్తారు) కాబట్టి తక్కువ. ఓనరు మారితే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, ఏప్రిల్ 30 లోపు. పక్క రాంచర్‌కి మేతకి కౌలుకిచ్చాను, ఏడాదికి 400 డాలర్లు ఇస్తాడు. 42 ఎకరాలు రెండు ఆవులకి మించి మోయవు మరి. పశువులు వద్దనుకుంటే వన్యప్రాణుల నిర్వహణ పద్ధతికి మారొచ్చు. నీళ్లు, మేత, ఆశ్రయం, జంతువుల లెక్క వంటి ఏడు పనుల్లో కనీసం మూడు ఏటా చేయాలి. పెద్ద రాంచ్ నుంచి కోసిన ముక్కకైతే కనీస విస్తీర్ణం నిబంధన ఉంటుంది, పన్ను కోసం భూమి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ ఆఫీసులో కొనకముందే అడగండి. భూమి వాడకం మారిస్తే మూడేళ్ల పన్ను తేడా వెనక్కి కట్టాల్సి వస్తుంది.

హెచ్1బీ మీద ఉన్న మా ఫ్రెండు, "అన్నా, నేను కూడా కొనొచ్చా?" అని అడిగాడు. కొనొచ్చు. కానీ పౌరసత్వం, గ్రీన్ కార్డు లేనివాళ్లు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో అఫిడా (విదేశీయులు కొన్న వ్యవసాయ భూమి వివరాలు చెప్పాలనే) చట్టం కింద యూఎస్‌డీఏకి (అమెరికా వ్యవసాయ శాఖకి) ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారం ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా భూమిలో మన వాటా విలువకి 25 శాతం దాకా వెళ్లొచ్చు. క్లోజింగ్ రోజు (సంతకాలు పెట్టి కొనుగోలు ముగించే రోజు) టైటిల్ కంపెనీ వాళ్లు గుర్తు చేస్తారని కూర్చోవద్దని వాడికి మరీమరీ చెప్పాను.