అర పన్ను తేడా: టైమింగ్ బెల్టు మార్చాక నా మారుతి 800 వణుకు

టైమింగ్ బెల్టు (పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్టును, వాల్వులు తెరిచే కామ్‌షాఫ్టును జతచేసే పళ్ళ బెల్టు) మార్చిన నాటి నుంచి స్లోలో (ఐడిల్‌లో) వణుకుతూ, రెండో గేరులో పికప్ లేక విసిగిస్తున్న ఇంజినుకు ఎట్టకేలకు జబ్బేమిటో తెలిసింది. బెల్టు ఒక పన్ను తప్పి ఉంటుందని విజయవాడ ఆటోనగర్‌లో చూసినవారంతా తేల్చేశారు. నేను కొలిచినంతవరకూ తప్పింది అర పన్నుకన్నా తక్కువ. బెల్టు ఎక్కితే పన్ను మీద ఎక్కాలి, లేకపోతే లేదు, మధ్యలో కూర్చోదు. ఈ చిక్కుముడే ఇంతకాలం నన్ను తిప్పింది.

బెల్టుతోపాటు మార్చిన క్రాంక్ ఆయిల్ సీలు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగు బాగున్నాయి, చుక్క ఆయిల్ కారడం లేదు.

మూడు సిలిండర్ల కార్బురేటర్ ఇంజిను కాబట్టి 800 స్లోలో కాస్త ఊగడం సహజమే, కానీ ఇది స్టీరింగ్ దాకా పాకే వణుకు. సిలిండర్లకు గాలి వెళ్ళే గొట్టాల సముదాయానికి, అంటే మానిఫోల్డుకు, వాక్యూమ్ గేజి తగిలిస్తే ముల్లు కదలకుండా 15.5 అంగుళాల (పాదరసం) దగ్గర నిలబడింది. సముద్రమట్టానికి ఇంత దగ్గరగా ఉన్న ఊళ్ళో ఆరోగ్యంగా ఉన్న ఇంజిను 17 నుంచి 21 మధ్య చూపాలి. వాల్వు కాలితే ముల్లు లయగా కొట్టుకుంటుంది. ఇది నిలకడగా తక్కువ చూపడం ఆలస్యపు టైమింగుకు గాని, గాలి లీకుకు గాని గుర్తు. మానిఫోల్డు గాస్కెట్ చుట్టూ కార్బురేటర్ క్లీనర్ కొట్టినా స్పీడు మారలేదు కనుక లీకు లేదు. కంప్రెషన్ మూడింటిలోనూ 128, 130, 127 పీఎస్ఐ వచ్చింది. మూడూ సమానంగా తగ్గాయంటే తేడా ఒక సిలిండరులో కాదు, మూడింటికీ ఉమ్మడిగా ఉన్న కామ్ టైమింగులోనే అనిపించింది.

అసలు ఆధారం ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఇచ్చింది. ఈ ఇంజినులో అది కామ్‌షాఫ్టు చివర ఉంటుంది, క్రాంక్ వేగంలో సగంతో తిరుగుతుంది. బెల్టు విప్పకముందు దాని మెడ మీద పెయింటు గీత పెట్టుకున్నాను. కొత్త బెల్టు వేశాక టైమింగ్ లైటులో (నిప్పురవ్వ పడే క్షణాన్ని చూపే లైటు) అదే రీడింగు రావడానికి డిస్ట్రిబ్యూటర్‌ను ఆ గీత నుంచి ముందస్తు వైపు దాదాపు 1.7 మి.మీ. తిప్పవలసి వచ్చింది. అక్కడ వ్యాసార్ధం 30 మి.మీ. కాబట్టి అది మూడు డిగ్రీల పైచిలుకు, అంటే క్రాంక్ లెక్కలో ఆరున్నర. క్రాంక్ పళ్ళచక్రానికి 20 పళ్ళుంటే ఒక పన్ను 18 డిగ్రీలు; నాలుగు పళ్ళు ఎక్కువున్నా 15కు తగ్గదు. లైటు చూసి టైమింగ్ సరిగ్గా ఉందని సంబరపడితే సరిపోదన్నమాట: డిస్ట్రిబ్యూటర్ తిప్పితే నిప్పురవ్వ మాత్రమే దారికొస్తుంది, వాల్వులు ఆలస్యంగానే తెరుచుకుంటూ ఉంటాయి.

హెడ్డు ఎప్పుడో అరగదీసి ఉంటే కామ్ కిందికి దిగి టైమింగ్ వెనకబడుతుందన్నది మొదటి ఊహ. అయితే పావు మిల్లీమీటరు అరగదీసినా లెక్కకు అర డిగ్రీకి మించి రావడం లేదు. కామ్ చక్రంలో ఆట (వదులు) ఏమీ లేదు. బెల్టు సాగిందేమోనన్న మాటను నేను నమ్మలేదు. గేట్స్ బ్రాండు బెల్టు, కంపెనీ అసలు బెల్టు రెండూ వాడి చూశాను, ఆ బాపతు తేడా వాటిలో కనబడదు. పేరులేని చౌక బెల్టుల జోలికి మాత్రం పోవద్దనే చెబుతాను.

చివరికి బెల్ హౌసింగ్ కిటికీలోంచి కనిపించే ఫ్లైవీలు గుర్తును, క్రాంక్ చక్రం మీది గుర్తును పోల్చి చూస్తే రెండూ ఒకదానితో ఒకటి ఒప్పుకోవడం లేదు. ఏది అబద్ధమో తేల్చడానికి పాత ప్లగ్గులోని పింగాణీ పగలగొట్టి, అందులో బోల్టు బిగించి, పిస్టన్‌ను ఆపే స్టాపరు చేశాను. ఒకటో సిలిండరులో అది బిగించి, ఇంజినును చేత్తో మెల్లగా ఇటూ అటూ తిప్పి, ఆగిన రెండు చోట్లా ఫ్లైవీలు మీద గీతలు గీసి, వాటి నడిమధ్య చూస్తే నిజమైన టీడీసీ (పిస్టన్ అన్నిటికన్నా పైకి చేరే చోటు) దొరికింది. ఫ్లైవీలు గుర్తు అక్కడే ఉంది. క్రాంక్ చక్రం గుర్తు ఆయిల్ పంపు బాణానికి ఎదురుగా వచ్చేసరికి పిస్టన్ అప్పటికే ఆరున్నర డిగ్రీలు దాటిపోతోంది.

సెంటరు బోల్టు వదులు చేసి, ఫ్లైవీలును కదలకుండా పట్టి, చక్రాన్ని చేత్తో ఆడిస్తే రహస్యం బయటపడింది. చక్రాన్ని క్రాంక్‌షాఫ్టు మీద జారకుండా పట్టే చిన్న ముక్క, అంటే లోపలి కీ, ఒకవైపు మెట్టులా అరిగింది, అది కూర్చునే చక్రంలోని గాడి (కీ-వే) వెడల్పయింది. ఆట సుమారు 1.5 మి.మీ.; 13 మి.మీ. వ్యాసార్ధం దగ్గర అది దాదాపు ఆరున్నర డిగ్రీలు. ఆయిల్ సీలు కోసం చక్రం ఊడదీసి మళ్ళీ ఎక్కించినప్పుడు అది ఆ ఆటలో రెండో అంచుకు చేరి, బోల్టు బిగియగానే అక్కడే స్థిరపడిందని నా అనుమానం. పూర్వం ఎవరో సెంటరు బోల్టును టార్క్ రెంచ్ లేకుండా అందాజుగా బిగించి నడిపినందువల్లే కీ ఇలా అరిగి ఉంటుంది.

కొత్త కీ, కొత్త చక్రం వేశాక 0.3 మి.మీ. ఆట మిగిలింది, అది క్రాంక్ వైపు కీ-వేలోని అరుగుదల. దాన్ని లోహపు భాగాల మధ్య ఖాళీ నింపే జిగురు లాక్‌టైట్ 660తో నింపి బోల్టు బిగించాను, మొదటి 1.5 మి.మీ. ఆటకు ఇదే మందు పూసి ఊరుకోమన్న సలహా నాకు నచ్చలేదు, అది అర మిల్లీమీటరుకు మించిన ఖాళీకి పనికిరాదు. ఇప్పుడు వాక్యూమ్ 17.5, కంప్రెషన్ సగటున 138. కనకదుర్గ ఫ్లైఓవర్ మూడో గేరులోనే ఎక్కేస్తోంది.

ఇంకా ఒకటి మిగిలింది. స్లోలో టైమింగ్ లైటు కింద గుర్తు రెండు డిగ్రీల మేర తడబడుతోంది. డిస్ట్రిబ్యూటర్ గేరులోనో, షాఫ్టు బుష్‌లోనో ఆట ఉందని అనుకుంటున్నాను. ముందు దాన్ని విప్పి బుష్ కొలవాలి. ఇంజిను వాక్యూమ్‌తో నిప్పురవ్వను ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టాన్ని నోటితో పీల్చి దాని డయాఫ్రమ్ (లోపలి పొర) నిలబడుతుందో లేదో కూడా అప్పుడే చూస్తాను. అది చిరిగి ఉంటే కార్బురేటర్ జెట్లను ముట్టుకునేది లేదు. అది తేలాక గుంటూరు దాటి కొండవీడు ఘాట్ రోడ్డు మీద, నలుగురు మనుషుల బరువుతో, రెండో గేరులో పరీక్షించాలని ఉంది.