రిపోర్టులన్నీ నార్మలే, మరి నాకు వచ్చిందేమిటి? - పానిక్ అటాక్‌లతో నా అనుభవం

ఈసీజీ నార్మల్. ఎకో నార్మల్. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ అన్నీ ఉండాల్సినంతే ఉన్నాయి. "మీ గుండెకేమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని చెప్పి డాక్టర్ పంపించేశారు. ఆ మాటకు ఊరట పడాల్సింది పోయి నాకు భయం రెట్టింపైంది. ఏమీ లేకపోతే రాత్రి నాకు వచ్చిందేమిటి? గుండె గొంతులోకి వచ్చినట్టు కొట్టుకుంది. ఊపిరి అందలేదు. వేళ్లకూ పెదవుల చుట్టూ తిమ్మిర్లు ఎక్కాయి. ఒళ్లంతా చెమటలు పట్టి, ఇక చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఇదంతా ఏమీ కాదంటే ఎలా నమ్మాలి?

తర్వాత చాలాకాలం పానిక్ అటాక్ అన్న మాటే నా దగ్గర ఎవరూ ఎత్తలేదు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అన్నారు, ఆఫీసులో నీరసం అన్నారు. డాక్టర్లను మార్చి అవే పరీక్షలు మళ్లీ చేయించుకున్నాను.

పరీక్షలు అనవసరమని నేను అనడం లేదు. మొదటిసారి ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం వస్తే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. గుండెపోటు, గుండె లయ తప్పడం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, ఉబ్బసం కూడా ఇలాగే కనిపించొచ్చు. అవి కావని తేలాకే పానిక్ సంగతి ఆలోచించాలి. నా బాధంతా ఆ తర్వాతి సంగతి గురించే. గుండె బాగుందని చెప్పినవాళ్లు, మరి ఇదేమిటో, దీనికి ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా చెప్పాలి. ఇలాంటి అటాక్‌లు పదేపదే రావడం, మళ్లీ వస్తాయేమోనని భయపడుతూ బతకడం అనే పానిక్ డిజార్డర్‌ను అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో విడి జబ్బుగా చేర్చింది 1980లో. ఇదేమీ నిన్నమొన్న కనిపెట్టిన జబ్బు కాదు.

అటాక్ అంటే మామూలుగా పది నిమిషాల లోపే తారస్థాయికి వెళ్లి, మెల్లగా దిగిపోతుంది. నా జీవితాన్ని కుదించింది ఆ పది నిమిషాలు కాదు, మళ్లీ ఎప్పుడొస్తుందో అన్న భయం. లిఫ్ట్ ఎక్కడం మానేశాను. సినిమాకి వెళ్తే తలుపు పక్క సీటే కావాలి. గుండె వేగంగా కొట్టుకుంటుందని మెట్లు కూడా ఆగి ఆగి ఎక్కేదాన్ని. బ్యాగులో నీళ్ల సీసా, మాత్రల స్ట్రిప్ లేకుండా గడప దాటేదాన్ని కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూనే మణికట్టు పట్టుకుని నాడి చూసుకునేదాన్ని. చివరికి అక్క తోడు లేకుండా బయటికి వెళ్లడమే ఆగిపోయింది. పిలుపులకు వెళ్లక స్నేహితులు దూరమయ్యారు, సెలవులు పెట్టీ పెట్టీ ఉద్యోగం మీదకు వచ్చింది, దిగులు పట్టుకుంది. పానిక్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ ఎందుకంత ఎక్కువగా కనిపిస్తుందో నాకు ఎవరూ వివరించక్కర్లేదు.

దిగులుకు మందు అడుగుదామని వెళ్లిన చోట సైకియాట్రిస్ట్ నా కథంతా ఓపిగ్గా విని పేరు చెప్పారు. మందు రాసి, సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆ మందు ఎస్ఎస్ఆర్ఐ రకం, అంటే డిప్రెషన్‌కూ ఆందోళనకూ వాడేది. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, మొదట్లో కంగారు కాస్త పెరగొచ్చనీ ముందే చెప్పారు. అలా చెప్పి ఉండకపోతే మొదటి వారంలోనే మానేసేదాన్ని. వెంటనే ప్రశాంతంగా అనిపించే మాత్రలు వేరే ఉన్నాయి, వాటికి అలవాటు పడే ప్రమాదం ఉంది కాబట్టి వాటి మీద ఆధారపడొద్దన్నారు.

ఇదంతా ఎందుకు మొదలైందని సైకాలజిస్ట్ మేడమ్‌ని అడిగాను. ఒక్క కారణం వెతకొద్దన్నారు. వంశంలో ఆందోళన స్వభావం ఉండటం, అంతకుముందు నెలల్లో నాన్న ఆపరేషన్, సరిగా లేని నిద్ర, దాన్ని తట్టుకోడానికి తాగిన కాఫీలు, అన్నీ కలిసి ఉండొచ్చన్నారు. నాన్న కోలుకున్నారు, నిద్ర కుదుటపడింది, అయినా అటాక్‌లు ఆగలేదు కదా అన్నాను. అప్పుడు ఆవిడ కాగితం మీద ఒక వలయం గీశారు. గుండె దడ. "గుండెపోటు" అన్న ఆలోచన. ఆ ఆలోచనకు ఒంట్లో అడ్రినలిన్ పెరగడం. దాంతో మరింత దడ. బ్రిటన్‌కు చెందిన డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వవేత్త 1986లో పానిక్‌ను వివరించింది ఇలాగే. తాడును చూసి పామనుకుంటే, పాము అబద్ధమైనా వణుకు నిజమే. మొదలుపెట్టిన కారణాలు పోయినా, ఈ వలయం తనను తానే తిప్పుకుంటూ ఉంటుంది.

ఊపిరి సంగతి ఆవిడ చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఇంతకాలం ఎవరూ చెప్పలేదే అని. ఊపిరి అందడం లేదనిపించి మనం గబగబా పీల్చి వదులుతాం. నిజానికి అప్పుడు ఆక్సిజన్‌కు కొరతేమీ ఉండదు. అతిగా వదలడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంత ముడుచుకుంటాయి. అందుకే తల తిరగడం, చుట్టూ ఉన్నదంతా కలలా అనిపించడం, వేళ్లకు తిమ్మిర్లు. స్పృహ తప్పి పడిపోతానేమో అన్నది నా మరో భయం. మామూలుగా స్పృహ తప్పేది బీపీ పడిపోయినప్పుడు. పానిక్‌లో అది పెరుగుతుంది కాబట్టి పడిపోవడం అరుదు. అక్క ప్రతిసారీ కంగారుగా "లోతుగా ఊపిరి పీల్చవే, ఇంకా గట్టిగా పీల్చు" అనేది. ప్రేమతోనే. కానీ అది తిమ్మిర్లను పెంచే పనే.

అర్థం కావడం ఒక ఎత్తు, ఒళ్లు నమ్మడం మరో ఎత్తు. దాని కోసం చేయించిన సాధన వింటే మొదట పారిపోవాలనిపించింది. ఏ లక్షణాలకు భయపడుతున్నానో వాటిని కావాలని తెచ్చుకోవాలి. ఒక నిమిషం గబగబా ఊపిరి తీసి వదలడం. తిరిగే కుర్చీలో కూర్చుని గిరగిరా తిరగడం. ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో ఊపిరి తీసుకోవడం. నిలుచున్న చోటే పరుగెత్తడం. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవాళ్లూ, గర్భిణులూ డాక్టర్‌ను అడగకుండా ఇవి చేయకూడదు. నా రిపోర్టులన్నీ చూశాకే మేడమ్ మొదలుపెట్టారు.

కుర్చీ నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. స్ట్రా దగ్గర మాత్రం గదిలోంచి లేచి వచ్చేశాను. ఆవిడ తిట్టలేదు, బుజ్జగించనూ లేదు. లోపలికి రమ్మని, భయం పదికి ఎంత ఉందో రాయించారు. ఎనిమిది. మళ్లీ చేయించారు. దడ వస్తే నీళ్లు తాగకూడదు, నాడి చూసుకోకూడదు, దానంతట అదే తగ్గేదాకా ఉండాలి. "అటాక్‌ని ఆపడానికి మీరు చేసే ప్రతి పనీ, ఇక్కడ నిజంగానే ప్రమాదం ఉందని మెదడుకు చెప్తోంది" అన్నారు. ఇంట్లో రోజూ చేశాను. ఏడుస్తూ చేసిన రోజులున్నాయి. మెల్లగా ఆ అంకె దిగింది. దడ అలాగే ఉండేది, దాన్ని చూసి వచ్చే బెదురు తగ్గింది. ఆ తేడా తెలిసిన రోజే నాకు నయమవుతుందన్న నమ్మకం కలిగింది.

ఆ తర్వాత బయటి సాధన. సీసా లేకుండా వీధి చివరికి, మాత్రలు లేకుండా ఆఫీసుకు, సినిమాలో మధ్య సీటుకు. అన్నిటికంటే కష్టమైంది అక్క తోడు మానుకోవడం. నన్ను ఒంటరిగా పంపమని మేడమ్ చెప్పినప్పుడు అక్క కోపం తెచ్చుకుంది. "దానికేమన్నా అయితే?" అంది. వలయం కాగితం అక్కకూ చూపించి వివరించాక ఒప్పుకుంది. ఇప్పుడు అటాక్ వస్తే అక్క పక్కన కూర్చుని "ఎంత ఉంది?" అని మాత్రం అడుగుతుంది. నేను అంకె చెప్తాను. ఇద్దరం తగ్గేదాకా కూర్చుంటాం.

మధ్యలో ఒకసారి జ్వరమొచ్చి నిద్ర చెడి అటాక్‌లు తిరగబెట్టాయి. మొదటికొచ్చిందని కుంగిపోయాను, కానీ చేసిన సాధన పోలేదు, ఈసారి తొందరగా కుదురుకున్నాను. మందును డాక్టర్ నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు లాంటివి రావొచ్చు కాబట్టి ఆ పని సొంతంగా చేయడం లేదు. నా జాబితాలో లిఫ్ట్ ఒక్కటే మిగిలింది. రెండో అంతస్తు దాకా ఒంటరిగా వెళ్తున్నాను. వచ్చే వారం నుంచి ఐదో అంతస్తుకు వెళ్లాలని మేడమ్‌తో కలిసి రాసుకున్నాను.