పదో గడి

పదో గడిలో నేను రాసిందంతా మా పెద్దది చెరిపేసింది. చెరిపేసి, లాప్‌టాప్ మూసేసి, పైకెళ్ళి తలుపు వేసుకుంది. ధడాలున వేసినా బాగుండేది. నేనూ ఓ కేక వేసి ఊరుకునేవాణ్ణి. మెల్లిగా వేసుకుంది. నాలుగు రోజులైనా ఆ చప్పుడు చెవిలోంచి పోవడం లేదు.

అమెరికాలో పిల్లల కాలేజీ అప్లికేషన్లు దాటిన ఇళ్ళలో ఈ గడుల గొడవ అందరికీ తెలిసిందే. ఆగస్టు 1న కామన్ యాప్, అంటే చాలా కాలేజీలకి కలిపి ఒకటే దరఖాస్తు ఫారం, తెరుచుకుంటుంది. పదిహేడేళ్ళ పిల్ల ఇన్నాళ్ళూ చేసిందంతా పది గడుల్లో సర్దాలి. ఒక్కో గడిలో వివరణకి 150 అక్షరాలు. పక్కనే రెండు చిన్న డబ్బాలు: వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు. మాకు తొమ్మిది నిండాయి. కూచిపూడి, డిబేటు, ఫుడ్ ప్యాంట్రీ, వగైరా. పదోది ఖాళీగా ఉంటే నష్టమేమీ లేదని అందరూ చెబుతారు. చెప్పేవాళ్ళెవరూ ఖాళీగా వదలరు.

ఆ జాబితాలో 'ఫ్యామిలీ రెస్పాన్సిబిలిటీస్' అని ఓ రకం ఉంది. అది చూడగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా పిల్లలకి మామ్మ. కరోనా వచ్చిన ఏడాది, అప్పటికి దీనికి పన్నెండేళ్ళు, ఆదివారం పొద్దున్న పదిన్నరకి మామ్మకి వీడియో కాల్ చేయడం మొదలుపెట్టింది. అక్కడ రాత్రి ఎనిమిది. ఎవరూ చెయ్యమనలేదు. మామ్మ పోయేదాకా మానలేదు. నేను కూర్చుని మంచి ఇంగ్లీషులో దట్టించాను: గోదావరి లంకల్లో ఒంటరిగా ఉంటున్న పెద్దావిడకి మానసిక ఆసరా, తరాల మధ్య వారధి, మాతృభాష పరిరక్షణ. సరిగ్గా 148 అక్షరాలు. వారానికి 1 గంట, ఏడాదికి 50 వారాలు. 52 అని వేస్తే నమ్మరని రెండు వారాలు నేనే కోసేశాను.

"ఇది యాక్టివిటీ కాదు నాన్నా" అంది.

"మరి?"

"మామ్మ."

ఆ తర్వాత సగం ఇంగ్లీషులోనూ సగం తెలుగులోనూ అన్నదాన్ని పూర్తి తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: మామ్మ పోయినప్పుడు నన్ను తీసుకెళ్ళలేదు, ఇప్పుడు మామ్మని ఫారంలోకి తీసుకొస్తావా?

నిజమే, తీసుకెళ్ళలేదు. అమ్మ మార్చిలో ఓ బుధవారం పోయింది. శనివారం దీనికి ఎస్ఏటీ, కాలేజీ ప్రవేశానికి రాసే పరీక్ష. ఒక్క టికెట్టే కొన్నాను. "నువ్వొచ్చి చేసేదేముందమ్మా, పరీక్ష రాయి, మామ్మకీ అదే ఇష్టం" అన్నాను. ఎస్ఏటీ అంటే ఏమిటో మామ్మకి బొత్తిగా తెలీదు. పోయినవాళ్ళకి ఏది ఇష్టమో మాత్రం మనకి భలే తెలుస్తుంది. స్కోరు వచ్చేనాటికి పెదకర్మ అయి రెండు రోజులు. నేనింకా ఊళ్ళోనే ఉన్నాను. 1600కి 1520. ఏటిగట్టు మీద, బోడిగుండుతో నిలబడి, ఆ అంకె చూసుకుని సంబరపడ్డాను. స్నేహితుల గ్రూపులో కూడా పెట్టాను. అప్పటిదాకా అందులో నాకు వచ్చినవన్నీ సంతాపాలే. వాటి కిందే వరసగా అభినందనలు.

గడి చెరిపేసిన మర్నాడు కారులో మా పెద్దది మళ్ళీ అదే ఎత్తింది. కాలేజీ అయ్యాక? ఉద్యోగం. తర్వాత? ఇల్లూ వాకిలీ, పెళ్ళి, పిల్లలు. "వాళ్ళకీ పది గడులేనా?" అని అడిగింది. వెటకారం అనుకుని మొహం చూశాను. కాదు. నిజంగానే అడుగుతోంది.

ఇలాంటప్పుడు తండ్రన్నవాడు ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. స్టీరింగు మీద నుంచి ఓ చెయ్యి తీసి, ధర్మం, అర్థం, కామం, మోక్షం అని వేళ్ళు ముడవడం మొదలుపెట్టాను. రెండో వేలు దగ్గరే ఆపింది.

"అర్థం అంటే మీనింగ్ కదా?"

"ఇక్కడ కాదు. ఇక్కడ డబ్బూ సంపదా."

"రెండిటికీ ఒకటే మాటా?"

"ఒకటే మాట."

"ఓ" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మూడో వేలు ముడవబుద్ధి కాలేదు నాకు.

అక్కడితోనైనా ఆపానా! రాత్రి భోజనాల దగ్గర డొక్కా సీతమ్మగారి కథ ఎత్తుకున్నాను. మా ఊరు పి.గన్నవరం పక్కనే కాబట్టి ఆవిడ మాకు చుట్టమైనట్టే మాట్లాడతాం. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం డొక్కా జోగన్నగారింటికి కోడలిగా వచ్చింది. ఏటికి అడ్డంపడి వచ్చే బాటసారులకి వేళాపాళా లేకుండా వండి పెట్టింది. జన్మకోసారి అంతర్వేది నరసింహస్వామిని చూద్దామని పల్లకీలో బయల్దేరితే, దారిలో ఓ పెళ్ళివారి గుంపు, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, ఎలాగోలా గన్నవరం చేరితే సీతమ్మ అన్నం పెడుతుందని అనుకోవడం వింది. అంతే, దేవుడు తర్వాత అని పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించింది. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకం ఉత్సవాలకి రమ్మంటే ఆవిడ వెళ్ళలేదనీ, ఫొటో మాత్రం తెప్పించుకున్నారనీ మా వైపు చెప్పుకుంటారు. 1909లో పోయింది. కాటన్ దొర కాలం నాటి పాత అక్విడక్టు (ఏటి మీదుగా కాలవ నీళ్ళు పోయే వంతెన) పక్కన, గోదావరి పాయ వైనతేయ మీద కట్టిన కొత్తదానికి ఆవిడ పేరే పెట్టారు.

మా పెద్దది అన్నం కలపడం ఆపేసి విన్నది. నా కథ పారిందనుకున్నాను.

"ఆవిడకి ఎన్ని గంటలు వచ్చాయి?" అంది.

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళకని లేచి వెళ్ళిపోయింది.

చిన్నప్పుడు ఇదే కథ విని నేనూ అడిగాను మా అమ్మని, మొత్తం ఎంతమందికి పెట్టిందని. "లెక్కపెట్టేవాళ్ళు పెట్టలేర్రా" అంది. అలా చెబితే మా అమ్మేదో మహాతల్లి అనుకుంటారు. అంత లేదు. కొబ్బరి దింపు తీయించిన రోజున కాయలు రెండుసార్లు లెక్కపెట్టించేది. దింపు అతను చెప్పింది ఒకసారి, తను చూసింది ఒకసారి. పాల లెక్క వంటింటి గోడ మీద సుద్దగీతల్లో ఉండేది. గీత తేడా వస్తే ఆ పూట వీధంతా వినపడేది. బియ్యం దగ్గర మాత్రం వేరు. ఇత్తడి సోలతో కొలిచి, చేత్తో పైన చదును చేసి, అంతా అయ్యాక డబ్బాలో చెయ్యి పెట్టి ఓ గుప్పెడు తీసి ఎసట్లో పడేసేది. ఎవరైనా వస్తే అని. చివరి పదేళ్ళూ వచ్చినవాళ్ళు లేరు. మిగిలింది కాకులకి, పక్కవాళ్ళ గేదె కుడితిలోకి. ఓసారి ఫోన్లో, రోజుకో గుప్పెడంటే ఏడాదికి ఎంత వృథానో లెక్క కట్టి చెప్పాను నేను. "అలాగేలే" అని ఫోను పెట్టేసింది. గుప్పెడు మానలేదు.

పోయిన వారం ఓ స్నేహితుడు ఫోను చేశాడు. వాళ్ళవాడు ఎనిమిదో తరగతి, ఇప్పట్నుంచి ఏం చేయించమంటావని. నేను వేదాంతిని అయిపోయాను. లెక్కలు కట్టొద్దు, వాళ్ళకి నచ్చింది చేసుకోనివ్వండి, మనం బతుకుతెరువు కోసం వచ్చాం గానీ వాళ్ళకి ఆ ఖర్మ ఏంటి, అని అరగంట ఊదరగొట్టాను. ఫోను పెట్టేసి మా చిన్నాడి లెక్కల క్లాసు ఫీజు కట్టాను. వాడికి తొమ్మిదేళ్ళు. వాడి తబలా ప్రాక్టీసు గంటలు ఓ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కిస్తున్నాను. అది ఇంకా ఎవరికీ తెలీదు.

నిజంగా వదిలేస్తే సరైన పనా? నాకు తెలీడం లేదు. ఎంసెట్లో ర్యాంకు రాకపోతే నేనూ ఆ గట్టు మీదే కొబ్బరి లెక్కలు చూసుకుంటూ ఉండేవాణ్ణి. ఉంటే ఆ బుధవారం అమ్మ దగ్గరే ఉండేవాణ్ణి కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో, చదువు మానేసి నీ దగ్గరే ఉంటానమ్మా అని ఉంటే చీపురు తిరగేసేది. నన్ను పైకి తోసింది ఆవిడే. తోశాక పదేళ్ళు ఆ ఇంట్లో ఒక్కతే వండుకుని తిన్నదీ ఆవిడే. "మామ్మకీ అదే ఇష్టం" అన్నది అబద్ధమో నిజమో ఎటూ తేల్చుకోలేకుండా ఉన్నాను.

శనివారం అది మంచి మూడ్‌లో ఉంది కదా అని, ఇంతకీ మీరిద్దరూ ఆదివారాలు ఏం మాట్లాడుకునేవాళ్ళు అని అడిగాను. నేనయితే అదే ఫోను స్పీకర్లో పెట్టి, గిన్నెలు సర్దుతూ, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగి ఐదు నిమిషాల్లో తేల్చేసేవాణ్ణి.

"ఏం లేదు. ఏం కూర అని అడిగేది. చెప్పేదాన్ని."

"అంతేనా?"

"కూర లేదు మామ్మా, పాస్తా అంటే, మరి అందులోకి నంజుకోడానికేంటి అనేది."

"తర్వాత?"

"తర్వాత నేను హోంవర్క్ చేసుకునేదాన్ని. మామ్మ సీరియల్ చూసుకునేది. ఫోను అలా పెట్టి ఉంచేవాళ్ళం."

"గంట సేపూ?"

"ఏమో. ఒక్కోసారి పది నిమిషాలు. ఒక్కోసారి మామ్మ నిద్రపోయేది, పొరుగు పిన్నిగారు వచ్చి కట్ చేసేది. నేను టైం చూడలేదు నాన్నా."

మానసిక ఆసరాట, వారధిట. 148 అక్షరాలు.

ముందస్తుగా అప్లై చేసేవాళ్ళకి ఉండే ఎర్లీ గడువు నవంబరు 1. పదో గడి సంగతి ఏమైందోనని నిన్న రాత్రి అందరూ పడుకున్నాక తెరవబోయాను. పాస్‌వర్డ్ మార్చేసింది.