60 రోజుల నోటీసు, 41 రోజుల సెలవు: నా రాజీనామా అనుభవం

హైదరాబాద్‌లోని ఒక మందుల పంపిణీ సంస్థ అకౌంట్స్ విభాగంలో నేను 6 సంవత్సరాల 8 నెలలు పనిచేశాను. 2024 ఫిబ్రవరి చివరలో మరొక సంస్థ నుంచి ఆఫర్ లెటర్ అందింది. ఏప్రిల్ 18న చేరాలన్నది వారి షరతు. 2017 నాటి నా నియామక పత్రంలో నోటీసు వ్యవధి 30 రోజులనే ఉండటంతో మొదట నిశ్చింతగా ఉన్నాను. అయితే 2021లో పదోన్నతి ఇచ్చినప్పుడు నేను సంతకం చేసిన ఉత్తరం రెండో పేజీలో దానిని 60 రోజులకు పెంచినట్లు ఉందని మర్నాడు చూసుకున్నాను. జీతం అంకె ఉన్న మొదటి పేజీ మాత్రమే ఆనాడు చదివాను.

మార్చి 1న రాజీనామా ఇస్తే 60 రోజులు ఏప్రిల్ 30తో ముగుస్తాయి. అంటే 15 రోజుల తేడా వస్తుంది. ఆ తేడాను నా దగ్గర మిగిలిన ఆర్జిత సెలవులతో సర్దుబాటు చేయమని రాజీనామా మెయిల్‌లోనే అడిగాను. చివరి పనిదినం ఏప్రిల్ 15 అని తేదీతో సహా రాసి, విభాగాధిపతితో పాటు హెచ్‌ఆర్‌కూ పంపాను. "మార్చిలో వెళ్తానంటే ఎలాగండీ? ఆడిట్ అయ్యాక చూద్దాం, సెలవుల సంగతి నేను మాట్లాడతాను" అని విభాగాధిపతి నోటిమాటగా అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. అయినా ఆ మాటనే ఆధారం చేసుకుని కొత్త సంస్థకు తేదీ చెప్పలేను కనుక, అదే సాయంత్రం మా సంభాషణ సారాంశాన్ని మెయిల్‌గా రాసి ఆమోదం కోరాను. సంవత్సరాంతపు లెక్కలు ముగించి, బ్యాంకు రీకన్సిలియేషన్లు (మా లెక్కలను బ్యాంకు లెక్కతో సరిచూసే పని), జీఎస్టీ ఫైళ్లు ఎవరికి ఎప్పుడు అప్పగిస్తానో తేదీలవారీ పట్టిక జతచేశాను. వారం తరువాత సర్దుబాటుకు ఆమోదం వచ్చింది. దానికి కారణం ఆ పట్టికేనని నా నమ్మకం.

అసలు చిక్కు సెలవుల లెక్కలో వచ్చింది. డిసెంబరు పే స్లిప్‌లో 37 రోజులుంటే, జనవరి నుంచి పోర్టల్‌లో 30 మాత్రమే కనిపిస్తున్నాయి. 30కి మించినవి ఏడాది చివర రద్దవుతాయన్నది సంస్థ నియమమని హెచ్‌ఆర్ చెప్పింది. ఆ 7 రోజులు నాకు అంకె మాత్రమే కాదు. అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు 10 రోజులు అడిగితే, త్రైమాసికం ముగింపు అని 3 రోజులే ఇచ్చారు. నేను వద్దనుకుని వదిలిన సెలవులు కావవి, అడిగినా దక్కనివి. పని ఆగకూడదని సెలవు ఇవ్వకుండా ఉండటం, వాడుకోలేదని ఆ సెలవునే రద్దు చేయడం, రెండూ ఒకే సంస్థ చేయడం అన్యాయమని ఇప్పటికీ అనుకుంటాను.

మా వంటి కార్యాలయాలకు వర్తించే 1988 నాటి షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం తెలంగాణలో అమలులో ఉంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి 15 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని, దానిని 60 రోజుల వరకు కూడబెట్టుకోవచ్చని అందులో ఉంది. ఆ భాగాన్ని ఉటంకిస్తూ, సెలవు నిరాకరించిన పాత మెయిల్‌ను జతచేసి మర్యాదగా ఒక ఉత్తరం రాశాను. పది రోజులు సమాధానం రాలేదు. తరువాత 7 రోజులూ తిరిగి జమయ్యాయి. మార్చి త్రైమాసికానికి రావలసిన 4 కలిపితే మొత్తం 41 అయ్యాయి.

సర్దుబాటుకు మొదట 15 సెలవులు తగ్గించారు. అయితే ఏప్రిల్ 16 నుంచి 30 వరకు రెండు ఆదివారాలు, 17న శ్రీరామనవమి ఉన్నాయి. సెలవు మధ్యలో వచ్చే ఆదివారాలను, పండుగలను లెక్కించకూడదని వారి నియమావళే చెబుతోందని చూపించాక 12 మాత్రమే తగ్గించారు. మిగిలిన 29 రోజులకు నా మూల వేతనం 26,000 రూపాయలను 30తో భాగించి 25,133 రూపాయలు లెక్కకట్టారు. ఆదివారాలు తీసేసి 26తో భాగించమని అడగవచ్చుననిపించింది కానీ అంతవరకు వెళ్లలేదు.

ఏప్రిల్ 15 సాయంత్రం నో డ్యూస్ పత్రం (బాకీలేవీ లేవని తెలిపేది) మీద ఐదు విభాగాల సంతకాలు పూర్తి చేయించి, రిలీవింగ్ లెటర్ చేతికి తీసుకున్నాకే బయటకు వచ్చాను. ఆ రాత్రే బస్సెక్కి తణుకు వెళ్లి, అమ్మతో పండుగ చేసుకుని 18న కొత్త ఉద్యోగంలో చేరాను.

తుది సెటిల్‌మెంట్‌కు 45 రోజులు పడుతుందని, గ్రాట్యుటీ (దీర్ఘకాల సర్వీసుకు సంస్థ ఇచ్చే మొత్తం) కూడా దానితోనే వస్తుందని చెప్పారు. అప్పట్లో అమలులో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం దానిని 30 రోజుల్లో చెల్లించాల్సి ఉంది కనుక, దరఖాస్తు ఇచ్చి ఆ గడువు గుర్తు చేశాను. ఐదేళ్లు నిండిన సర్వీసులో ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కిస్తారు. అలా 7 సంవత్సరాలకు, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, 26 రోజులను నెలగా తీసుకుని 1,05,000 రూపాయలు మే 14న జమయ్యాయి. మిగిలినది జూన్ మొదటి వారంలో వచ్చింది.

సెలవుల సొమ్ము మీద మాత్రం పన్ను కోసేశారు. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే ఈ సొమ్ముకు పరిమితులకు లోబడి పన్ను మినహాయింపు ఉంది. ప్రైవేటు ఉద్యోగులకు గరిష్ఠ పరిమితిని 2023లో 3 లక్షల నుంచి 25 లక్షల రూపాయలకు పెంచారు. ఉద్యోగంలో ఉండగా సెలవులు అమ్ముకుంటే ఈ వెసులుబాటు ఉండదు. రిటర్నులో ఆ మినహాయింపు చూపించి రీఫండ్ పొందాను.

పీఎఫ్ ఖాతాలో నేను మానేసిన తేదీని పాత సంస్థ నమోదు చేయలేదు. చివరి చందా జమైన రెండు నెలల తరువాత ఉద్యోగే ఆ తేదీని ఆధార్ ఓటీపీతో నమోదు చేసుకోవచ్చు కనుక, జూలైలో నేనే చేశాను. ఆగస్టులో పాత నిల్వ కొత్త ఖాతాకు బదిలీ అయింది.